నీలగిరి బండిలో పైచేయి

సంక్రాంతి సెలవులకు ఊటీ వెళ్లొచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, బడి తెరిచిన రోజే నా బల్ల దగ్గరికొచ్చింది. "సార్, మెట్టుపాళయంలో బయలుదేరినప్పుడు ఇంజన్‌కి కింద కడ్డీ ఒక్కటే ఆడింది. కల్లార్ దాటాక పైన ఇంకోటి మొదలైంది. అది కిందదానికంటే జోరుగా, పైగా ఉల్టా తిరిగింది. ఎందుకు సార్?"

మెట్టుపాళయం నుంచి ఊటీకి కొండెక్కే ఆ నీలగిరి బండి నేను మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ కిటికీ సీటు కోసం పేచీ పెట్టుకుని లోయలు, టీ తోటలు చూస్తూ కూర్చున్నానే గానీ, వెనకనుంచి మమ్మల్ని నెట్టుకొస్తున్న ఇంజన్‌ వంక సరిగ్గా చూసిన పాపాన పోలేదు. "రేపు చెబుతా" అన్నాను. ఆ రేపు రావడానికి నెల పట్టింది.

మామూలు రైలు కొండెక్కడం సంగతి ముందు చూద్దాం. ఇనప చక్రం ఇనప పట్టా మీద నిలదొక్కుకునేది రాపిడి వల్లే. ఆ రాపిడి కూడా అంతంతమాత్రం: పొడి పట్టా మీద చక్రం మోసే బరువులో పావు వంతో, ఐదో వంతో లాగగలదు. వాన పడితే అదీ ఉండదు. మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంటే ఊటీ 2,203 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం 46 కిలోమీటర్లు. ఈ ఎత్తంతా సమంగా పరుచుకుని ఉంటే గొడవే లేదు. కానీ కల్లార్ నుంచి కూనూరు దాకా 19 కిలోమీటర్లలోనే 1,300 మీటర్లు ఎక్కాలి. అక్కడ వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు. 100 టన్నుల బండిని ఆ వాలు మీద కదలకుండా ఆపి ఉంచడానికే 8 టన్నుల పైచిలుకు బలం కావాలి. నీలగిరి చినుకుల్లో రాపిడిని నమ్ముకుని ఆ పని చేయిద్దామంటే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి.

అందుకని రెండు పట్టాల నడుమ పళ్ల పట్టా వేశారు. ఇంజన్ కింద పళ్ల చక్రం దాన్ని కరిచి పట్టుకుని ఎక్కుతుంది. మన దేశంలో ఇలా ఎక్కే రైలు ఇదొక్కటే.

ఈ పళ్ల పట్టా వెనక ఒక గురువు, ఒక శిష్యుడు ఉన్నారు. గురువు నిక్లాస్ రిగ్గెన్‌బాక్. 1871లో స్విట్జర్లాండులోని రిగి కొండ మీదికి, యూరప్‌లో కొండెక్కే మొదటి పళ్ల రైలు నడిపించినవాడు. ఆయన పట్టా అచ్చం నిచ్చెనే: రెండు ఇనప పలకలు, వాటి మధ్య మెట్లు. గట్టిదే కానీ బరువెక్కువ, ఖరీదెక్కువ. దాన్ని మలుపుల్లో వంచడం పెద్ద యాతన. ఒక మెట్టు అరిగినా, విరిగినా దాన్ని ఊడదీసి మార్చడం అంతకంటే యాతన.

శిష్యుడు రోమన్ ఆప్ట్. ఓల్టెన్ వర్క్‌షాపులో రిగ్గెన్‌బాక్ చేతికింద పని నేర్చుకున్న కుర్రాడు. 1882లో అతను నిచ్చెన జోలికే పోకుండా వేరే దారి పట్టాడు. రంపాల్లాంటి రెండు ఉక్కు పట్టీలు తీసుకుని, పళ్లు పైకి ఉండేలా పక్కపక్కన నిలబెట్టాడు. కిటుకల్లా ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు ఉండటంలో ఉంది. పళ్ల చక్రం కూడా అంతే, రెండు బిళ్లలు సగం పన్ను జరిపి బిగించి ఉంటాయి. ఒక బిళ్ల పన్ను పట్టు వదిలే వేళకి రెండో బిళ్ల పన్ను నిండుగా దిగబడి ఉంటుంది. కుదుపు తగ్గుతుంది, బరువు రెండు పట్టీలకూ పంచుకుపోతుంది. పట్టీ పల్చన కాబట్టి మలుపుకు తగ్గట్టు వంగుతుంది. నీలగిరి దారిలో 208 మలుపులున్నాయని తెలిస్తే ఆ వంగే గుణం విలువ అర్థమవుతుంది.

ఇది పిల్లలకు చూపించాలని సైకిల్ షాపులో రెండు పాత చెయిన్లు, రెండు ఫ్రీవీళ్లు కొన్నాను. చెయిన్లను సగం లింకు తేడాతో ఒక చెక్కకు బిగించి, ఫ్రీవీళ్లను ఒకే ఇరుసుకు వెల్డింగ్ చేయించాను. తెచ్చి పెడితే కూర్చోదే! ఒక చక్రం దిగితే రెండోది చెయిన్ మీదెక్కి కూర్చుంటుంది. పట్టాలో సగం జరిపానే గానీ చక్రాల్లో జరపడం మర్చిపోయాను. మళ్లీ వెల్డింగ్ షాపుకి పోతే, అతను నన్నోసారి ఎగాదిగా చూసి, "మాస్టారూ, ఈసారైనా కొలిచి తెచ్చారా?" అన్నాడు. కొలిచే తెచ్చాను. రెండోసారి బొమ్మ చక్రం వాలు చెక్క మీద మెత్తగా ఎక్కింది. తర్వాత ఒక చెయిన్ ఊడదీసి ఎక్కించాం. చేతికి తెలిసిపోయింది, ప్రతి పన్నుకూ చిన్న టక్కు.

గురుశిష్యుల పోటీలో నీలగిరి కూడా ఒక బరి. శిష్యుడు తన పద్ధతి పట్టుకొచ్చిన ఆ 1882లోనే రిగ్గెన్‌బాక్ స్వయంగా కూనూరు వచ్చి, కొండంతా చూసి, 1,32,000 పౌండ్లకు అంచనా వేసి ఇచ్చాడు. డబ్బు కుదరలేదు, పని సాగలేదు. కొన్నేళ్లకు కొండ మీదికి నిజంగా పట్టా ఎక్కే వేళకు ఎంచుకున్నది ఆప్ట్ పట్టాని. గురువు కొలిచి వెళ్లిన కొండ శిష్యుడి పళ్లతో ఎక్కారన్నమాట.

ఇక అమ్మాయి అడిగిన పై కడ్డీ సంగతి, ఇంజన్ పైచేయి అనుకోండి. ఈ ఇంజన్లకు ఎక్స్ క్లాస్ అని పేరు. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ కర్మాగారంలో 1914 నుంచి తయారై వచ్చాయి. ఇది ఒకే బాయిలరు పంచుకునే రెండు ఇంజన్లు. కింది జత సిలిండర్లు మామూలు చక్రాలను తిప్పుతాయి. పై జత పళ్ల చక్రాలను తిప్పుతాయి. మెట్టుపాళయం నుంచి కల్లార్ దాకా దాదాపు చదునే కాబట్టి కిందివాటితో పని జరిగిపోతుంది. వాటిలో వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి పోతుంది. కల్లార్‌లో పళ్ల పట్టా మొదలు స్ప్రింగుల మీద ఉంటుంది. చక్రం పళ్లూ పట్టా పళ్లూ సరిగ్గా ఎదురుపడకపోతే అది కాస్త కిందికి ఒదిగి, సర్దుకుని, కరుచుకుంటుంది. అప్పుడు డ్రైవర్ ఒక కవాటం తిప్పుతాడు. కింది సిలిండర్లలో వాడిన ఆవిరి బయటికి పోవడం మాని పై సిలిండర్లలోకి మళ్లుతుంది.

అన్నం వార్చిన గంజిని పారబోయకుండా ఇంకో పనికి వాడుకున్నట్టే ఇది. కింద పనిచేసి కొంత చల్లబడి, కొంత వ్యాకోచించిన ఆవిరిలో ఇంకా బలం ఉంటుంది. కాకపోతే ఇప్పుడది ఎక్కువ చోటు అడుగుతుంది. మామూలుగా ఇలాంటి జంట ఇంజన్లలో రెండో సిలిండర్‌ని పెద్దది చేస్తారు. ఇక్కడ పైవీ కిందివీ ఒకే సైజు. మరి చోటెలా? పై పిస్టన్ నేరుగా పళ్ల చక్రానికి తగిలించి లేదు. మధ్యలో ఒక చిన్న గేరు పెద్ద గేరును తిప్పుతుంది. అందుకని పై పిస్టన్ రెట్టింపు సార్లు ఆడితేగాని పళ్ల చక్రం ఒక చుట్టు తిరగదు. రెట్టింపు సార్లు ఆడితే రెట్టింపు ఆవిరికి చోటు దొరికినట్టే. రెండు గేర్లు ఒకదాన్నొకటి కరిచినప్పుడు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయని ఏడో తరగతి పిల్లవాడికీ తెలుసు. ఉల్టా ఎందుకు తిరుగుతుందో తేలిపోయింది.

నాకు నిద్ర పట్టనివ్వని ముచ్చట ఇంకోటుంది. వానలో కింది చక్రాలు జారాయనుకుందాం. జారితే కింది పిస్టన్లు ఒక్కసారిగా జోరందుకుని ఎక్కువ ఆవిరిని పైకి తోస్తాయి. కానీ పైవి పళ్లకు కట్టుబడి ఉన్నాయి, జోరు పెంచలేవు. దాంతో రెండింటి మధ్య గొట్టంలో ఆవిరి కిక్కిరుస్తుంది. ఆ ఒత్తిడి ఒకవైపు కింది పిస్టన్లకు ఎదురునెట్టి వాటిని నెమ్మదింపజేస్తుంది, ఇంకోవైపు పై పిస్టన్లను మరింత గట్టిగా తోస్తుంది. జారిన చక్రం దానంతటదే తేరుకుంటుంది, అందాకా బరువు పళ్ల చక్రం మోస్తుంది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి తడబడితే రెండోది మెడ బిగించినట్టు. డ్రైవర్ వేలు కదపనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ ముక్క లేని రోజుల్లో దీన్ని ఊహించినవాడికి నేను దండం పెడతాను.

ఓడిపోయాడనుకున్న గురువు కూడా పూర్తిగా పోలేదు. దిగేటప్పుడు సిలిండర్లలోకి ఆవిరి బదులు గాలి పీల్చి, దాన్ని అణచడంలోనే బండి వేగాన్ని తినేసే బ్రేకు ఒకటుంది. స్విస్ పళ్ల పట్టా ఆవిరి ఇంజన్లకు అది మామూలు సరంజామా. దాని పేరు రిగ్గెన్‌బాక్ బ్రేకు.

మిగతా చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1891లో పని మొదలైంది, కట్టే కంపెనీ దివాలా తీసింది, ఇంకోటి వచ్చింది. 1899లో బండి కూనూరు చేరింది, 1908లో ఊటీ. కూనూరు పైన వాలు తక్కువ, పళ్లు లేవు, ఇప్పుడు అక్కడ డీజిల్ ఇంజన్ నడిపిస్తుంది. ఏటా ఈశాన్య రుతుపవనాల్లో కొండచరియలు పడి దారి మూసుకోవడం, తెరవడం మామూలే.

ఇంజన్ల ముసలితనం మాత్రం మామూలు జబ్బు కాదు. ఇలాంటి ఇంజన్ ఏ దుకాణంలోనూ దొరకదు. వింటర్‌తూర్‌లోనే ఆ రోజుల్లోనే పుట్టిన దాయాదులు కొన్ని స్విట్జర్లాండులోని ఫుర్కా కనుమ దారిలో తిరిగేవి. 1947లో నాలుగింటిని వియత్నాంకు అమ్మేశారు. 1982లో కింద 15 కిలోమీటర్ల సొరంగం తెరవగానే పై దారి మూతబడింది. స్వచ్ఛంద సేవకులు ఆ దారిని భుజాన వేసుకుని, 1990లో వియత్నాం వెళ్లి తుప్పుపట్టిన ఆ ఇంజన్లను తిరిగి తెచ్చి, విప్పి, వాటిలో కొన్నింటిని బాగుచేసి నడిపించారు. 2010కి దారి మొత్తం మళ్లీ తెరిచారు. మనవాళ్లు ఇంకో దారి తొక్కారు. కొన్ని ఇంజన్లను బొగ్గు నుంచి చమురుకు మార్చారు. 2005లో నీలగిరి దారికి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. 2011లో తిరుచిరాపల్లి పొన్మలై వర్క్‌షాపు చమురుతో నడిచే కొత్త ఎక్స్ క్లాస్ ఇంజన్‌ని పూర్తిగా తానే తయారుచేసింది. 2021లో బొగ్గుదీ చేసింది. వందేళ్ల నాటి ఏర్పాటునే మళ్లీ కొత్త ఉక్కులో పోతపోశారు. పై సిలిండర్లు పైనే ఉన్నాయి, కిందివి కిందే.

చివరికి ఒక శుక్రవారం, ఆ అమ్మాయి ప్రయాణంలో తీసిన ఇంజన్ వీడియోని క్లాసులో గోడ మీద వేశాం. నాలుగో వంతు వేగానికి తగ్గించి, ఒక జట్టు కింది చెయ్యిని, ఇంకో జట్టు పైచేతిని లెక్కపెట్టాలన్నాను. కింది జట్టు పది అనేసరికి పై జట్టు ఇరవై దగ్గర అరుస్తోంది. వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "సార్, అయితే కూనూరులో పైచేతికి సెలవా?" అన్నాడు. అవునన్నాను. పైచేతికే కాదు, ఆ ఇంజన్‌కే సెలవు. అది కూనూరులో ఆగి, బూడిద దులిపించుకుని, నీళ్లు తాగి, మళ్లీ కిందికి బయలుదేరుతుంది.