సీటు వచ్చింది, మరి సన్నాహం?

ప్రతి ఏటా కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో, అస్ర్ నమాజు తర్వాత మసీదు వరండాలో తండ్రులు నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటే: "మౌలానా సాబ్, మా వాడికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఈ కాలేజీ మంచిదేనా?" సీటు వచ్చిన నాటి నుంచి తరగతులు మొదలయ్యే నాటి వరకు పిల్లవాడు ఏం చేయాలని అడిగేవారు మాత్రం అరుదు. కొన్నేళ్ల క్రితం నా కుమారునికి సీటు వచ్చినప్పుడు నేనూ అడగలేదు.

వాడు ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు. నేను మసీదులో అందరికీ చెప్పుకున్నాను, బంధువులకు మిఠాయి పంచాను. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. "బాగానే ఉన్నాయి అబ్బా" అన్నాడు. మూడు నెలల తర్వాత వాడి తల్లి బట్టలు ఉతుకుతుండగా చొక్కా జేబులో సప్లిమెంటరీ పరీక్ష ఫీజు రసీదు దొరికింది. గణితంలోనూ, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లోనూ తప్పాడు. అబద్ధం ఎందుకు చెప్పావని గద్దించాను. వాడు తల వంచుకుని, "మీరు అందరి ముందూ అంత గొప్పగా చెప్పారు కదా అబ్బా, ఎలా చెప్పను?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి అబద్ధంలో నా గొప్పలకూ వాటా ఉందని అర్థమైంది.

తేడా ఎక్కడ ఉంది?

ఇంటర్మీడియట్ రెండేళ్లూ పిల్లవాడిని తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివిస్తారు. ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కో దానికి నాలుగు జవాబులు. అందులో గణితమే 80 ప్రశ్నలు. వేగంగా సరైన గడిని గుర్తించడమే అక్కడ విద్య. ఇంజనీరింగ్‌లో జవాబు ఒక్కటే చాలదు, దానికి చేరిన ప్రతి మెట్టునూ రాసి చూపాలి. చదవమని వెంటపడేవారు ఉండరు. నాలుగు నెలలు తిరిగేలోగా మిడ్ పరీక్షలు, ప్రయోగశాలలు, చివరి పరీక్షలు అన్నీ ముగిసిపోతాయి. సాధారణంగా 75 శాతం హాజరు తప్పనిసరి. నిర్ణీత క్రెడిట్లు రాకపోతే పై సంవత్సరానికి పంపరు. తెలివి లేక తప్పేవారికంటే, ఈ మార్పును ఆలస్యంగా గ్రహించి తప్పేవారే నాకు ఎక్కువగా కనిపించారు.

మదరసాలోని మూడు మెట్లు

నేను ఇంజనీరింగ్ చదవలేదు. కాబట్టి కుమారునికి నాకు తెలిసిన పద్ధతే చెప్పాను. మదరసాలో విద్యార్థి మూడు మెట్లు ఎక్కుతాడు. రేపటి పాఠాన్ని ముందు రోజే చూసుకోవడం ముతాలఆ. ఉస్తాద్ ఎదుట శ్రద్ధగా వినడం దర్స్. సాయంత్రం సహాధ్యాయులతో కూర్చుని, ఒకరు చెబుతుంటే మిగిలినవారు ప్రశ్నిస్తూ పాఠాన్ని తిరగేయడం తక్రార్. పాఠం నిజంగా వచ్చిందో లేదో తేలేది ఈ మూడో మెట్టు మీదే.

నా కుమారుడు రెండో మెట్టు మీద మాత్రమే నిలబడ్డాడు. హాస్టల్లో మరో ముగ్గురిని కలుపుకుని ఇషా తర్వాత గంటసేపు తక్రార్ మొదలుపెట్టాక వాడి చదువు దారిలో పడింది. ఆ ముగ్గురిలో ఇద్దరు హిందూ సోదరులు. వాళ్లు కూడా ఆ గంటను తక్రార్ అనే పిలిచేవారట!

సెలవుల్లో చేయదగినవి

మొదటిది గణితం. ఇంటర్ పుస్తకాలను అమ్మేయకండి. మాత్రికలు, అవకలనం, సమాకలనం అనే మూడు అధ్యాయాలను రోజుకు గంట చొప్పున, మెట్లన్నీ రాస్తూ తిరిగి చేయించండి. మొదటి ఏడాది గణితం చాలావరకు వీటి మీదే నిలబడుతుంది.

రెండోది డ్రాయింగ్. చాలామంది పిల్లలకు ఇది పూర్తిగా కొత్త. డబ్బు ఖర్చు లేని అభ్యాసం ఒకటుంది. బల్ల మీద అగ్గిపెట్టె పెట్టి, ఎదురుగా చూస్తే కనిపించే ఆకారాన్ని కాగితం మీద గీయాలి. పైనుంచి చూస్తే కనిపించే దానిని దాని కింద గీయాలి. మన దేశంలో అనుసరించే పద్ధతిలో పై దృశ్యం కిందికే వస్తుంది. ఆ తర్వాత పెట్టెను పక్కకు తిప్పి మళ్లీ గీయాలి.

మూడోది ప్రోగ్రామింగ్. లాప్‌టాప్ కొనలేకపోయామని దిగులు పడనక్కర లేదు. ఆరంభానికి కాగితం, కలం చాలు. అల్గారిథమ్ అంటే ఏమిటని నేను కుమారుణ్ణి అడిగితే, పనిని వరుస మెట్లుగా విడదీయడమని చెప్పాడు. నాకు వెంటనే మీరాసు పాఠం గుర్తుకొచ్చింది. మృతుని ఆస్తి నుంచి ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత మూడో వంతుకు మించని వీలునామా, ఆ మీదటే వారసుల వాటాలు. మరణించిన స్త్రీకి సంతానం ఉందా? ఉంటే భర్తకు నాలుగో వంతు, లేకుంటే సగం. ఇద్దరం కలిసి దీన్ని మెట్లుగా రాశాం. వాడు దాన్ని సి భాషలోకి మార్చాడు. అల్గారిథమ్ అనే మాటే తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. ఆయన బీజగణిత గ్రంథంలో వారసత్వ లెక్కలకు పెద్ద భాగమే ఉంది.

నాలుగోది ఆంగ్లం. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలకు మొదటి నెల భయం సహజం. ఐఐటీల అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా లభిస్తాయి. రోజుకు ఒక్కటి విని, అర్థమైనది మాతృభాషలో ఇంట్లోవారికి చెప్పించండి.

కాగితాలు, ఖర్చులు, జాగ్రత్తలు

ఆదాయ ధ్రువపత్రం, బి.సి.-ఇ వర్గానికి చెందినవారైతే కుల ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎంత వస్తుంది, మనం కట్టవలసింది ఎంత అని కాలేజీలో స్పష్టంగా అడగండి. హాస్టలు, బస్సు, పుస్తకాలు కలిపి నాలుగేళ్ల లెక్క వేసుకున్నాకే కాలేజీని ఎంచుకోండి. ఆ లెక్క వేయనివారే రెండో ఏడాదిలో వడ్డీ అప్పుల వైపు చూస్తున్నారు.

జుమా నమాజు సమయం తరగతితో కలుస్తుంటే మొదటి వారంలోనే అధ్యాపకులను కలిసి మర్యాదగా మాట్లాడమనండి. నమాజు పేరు చెప్పి మధ్యాహ్నమంతా తరగతి ఎగ్గొట్టడం నమాజుకే అప్రతిష్ఠ. ర్యాగింగ్ జరిగితే సహించి ఊరుకోవద్దని చెప్పండి. 1800-180-5522 అనే జాతీయ సహాయ సంఖ్య అందుకే ఉంది.

తల్లిదండ్రులు చేయవలసింది

పాఠం చెప్పడం మనకు రాకపోవచ్చు. కాని బిడ్డ నిజం చెప్పగలిగే ఇంటిని ఇవ్వగలం. వారానికి ఒకసారి మార్కుల ఊసెత్తకుండా, "ఈ వారం ఏది అర్థం కాలేదు?" అని అడగండి. జవాబు చెప్పిన రోజు కోప్పడకండి. కోప్పడితే ఆ జవాబు మళ్లీ వినిపించదు.

నా కుమారుడు గణితాన్ని రెండో ప్రయత్నంలో గట్టెక్కాడు, డ్రాయింగ్‌కు మూడో ప్రయత్నం పట్టింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఈ ఏడాది మా అమ్మాయికి సీటు వచ్చింది. మసీదులో నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆదివారం అన్న ఇంటికి వచ్చి, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి చెల్లెలితో గీయించాడు. మొదటి బొమ్మ తప్పింది. అది తప్పని దాచకుండా నాకు తెచ్చి చూపించింది. సన్నాహం సరిగా మొదలైందని నా మనసు కుదుటపడింది.