గగారిన్: రాచ ఇంటిపేరా, పక్షి పేరా?

ఇంటిపేరు, గోత్రం కలిస్తే చాలు, మనవాళ్లు అన్నదమ్ముల వరస కలిపేస్తారు. రష్యాలో ఈ లెక్క కుదరదు. గగారిన్ అనే పేరునే చూడండి.

అపోహ: యూరీ గగారిన్ రాజవంశీకుడు.

1961 ఏప్రిల్ 12న ఆయన 108 నిమిషాల అంతరిక్షయాత్ర చేసి దిగాక, కొన్ని పాశ్చాత్య పత్రికలు ఈ పుకారు లేపాయి. జార్ల కాలంలో గగారిన్ ప్రభువులు ఉన్న మాట నిజమే. సైబీరియా తొలి గవర్నర్ మత్వేయ్ గగారిన్ ఆ ఇంటివాడే. లంచాలు మేశాడని పీటర్ చక్రవర్తి 1721లో అతణ్ని ఉరి తీయించాడు.

యూరీ పుట్టింది మాత్రం స్మొలెన్స్క్ వైపు క్లూషినో అనే పల్లెలో, 1934లో. తండ్రి వడ్రంగి. తల్లి సమష్టి క్షేత్రంలో పాడిపని చేసేది. యుద్ధంలో జర్మన్ సైనికులు ఇల్లు ఆక్రమించుకుంటే, పెరట్లో గొయ్యి తవ్వుకుని అందులోనే తలదాచుకున్నారు. మా చుట్టాల్లో ప్రభువులెవరూ లేరని మాస్కోలో విలేకరుల ముందు ఆయనే తేల్చి చెప్పాడు. రాచరికం అంటగడితే ఆయన గొప్ప పెరగదు, ఆ తల్లిదండ్రుల కష్టం మరుగున పడుతుంది.

మరి పేరెలా కలిసింది? గగారా అంటే ఉత్తరాది చలి సరస్సుల్లో మునిగి చేపలు పట్టే పక్షి. కాళ్లు మరీ వెనకగా ఉండడం వల్ల నీళ్లలో దూసుకుపోతుంది గానీ గట్టు మీద నడవలేక పాకుతుంది. పూర్వం ఇలాంటి పక్షుల పేర్లు మనుషులకు మారుపేర్లుగా పడేవి. గగారా అని పిలిపించుకున్నవాడి సంతతి గగారిన్‌లు. ప్రభువుల మూలపురుషుడి మారుపేరూ అదే. ఒక ఊళ్లో దొరకు పడ్డ మారుపేరు మరో ఊళ్లో రైతుకూ పడొచ్చు. 1861లో భూదాస్యం రద్దయ్యాక ఇంటిపేర్లు రాయించుకున్న రైతుల్లో కొందరికి తమ దొర పేరే దక్కింది కూడా.

అపోహ: రష్యన్ ఇంటిపేర్లన్నీ ‘ఓవ్’తో ముగుస్తాయి.

కాదు. ఇవాన్ నుంచి ఇవానోవ్ వస్తుంది. ‘ఆ’తో ముగిసే మాటకు ‘ఇన్’ చేరుతుంది. ఫిరంగిని పూష్కా అంటారు, పూష్కిన్ అలా వచ్చిందే.

అపోహ: గగారినా వేరే ఇంటిపేరు.

అదే పేరు, ఆడవాళ్లకు అలా మారుతుంది. క్రెమ్లిన్ మ్యూజియంల డైరెక్టర్‌గా పనిచేసిన ఎలెనా గగారినా యూరీ కూతురే. యూరీ నడిమి పేరు అలెక్సేయెవిచ్ కూడా ఇంటిపేరు కాదు, ‘అలెక్సేయ్ కొడుకు’ అని అర్థం.

క్లూషినో దగ్గరి గ్జాత్స్క్ పట్టణానికి 1968లో, ఆయన విమాన ప్రమాదంలో చనిపోయిన ఏడాదే, గగారిన్ అని పేరు మార్చారు. అది ప్రభువుల పేరు మీద వచ్చింది కాదు, వడ్రంగి కొడుకు పేరు మీద వచ్చింది.