కారులో గాలి: లోపలిదా, బయటిదా?

కారు ఏసీ బటన్లలో ఒకదాని మీద చిన్న కారు బొమ్మ, దాని లోపలే మెలిక తిరిగిన బాణం ఉంటాయి. అది రీసర్క్యులేషన్. బాణం బయటి నుంచి కారులోకి వస్తున్నట్టు ఉంటే ఫ్రెష్ ఎయిర్. కొన్ని కార్లలో బటన్‌కు బదులు పక్కకు జరిపే మీట ఉంటుంది. ఈ బటన్ ఏసీని పెంచదు, తగ్గించదు. బ్లోయర్ ఏ గాలిని పీల్చుకోవాలో మాత్రమే తేలుస్తుంది. అయినా ప్రయాణంలో చల్లదనం, అద్దం మీద మసక, పొగ వాసన, డ్రైవర్‌కు వచ్చే మగత అన్నీ చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ముందద్దం అడుగున, వైపర్లు ఆనుకుని ఉండే చోట నల్లటి ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. చెట్టు కింద కారు నిలిపితే వేపాకులు, పూలు పోగుపడేది అక్కడే. బయటి గాలి లోపలికి వచ్చే దారి అదే. లోపలి గాలిని బ్లోయర్ లాక్కునే దారి సాధారణంగా గ్లవ్ బాక్స్ వెనక, ముందు సీటులో కూర్చున్నవారి కాళ్ల వైపు ఉంటుంది. ఈ రెండు దారులకూ కలిపి ఒకటే రేకు తలుపు. ఒక దారి మూస్తే రెండోది తెరుచుకుంటుంది. బ్లోయర్‌ను పెద్ద స్పీడులో పెట్టి రీసర్క్యులేషన్ నొక్కితే చాలా కార్లలో హోరు ఒక్కసారిగా పెరగడం వినిపిస్తుంది. గాలిని లాక్కునే నోరు కారు లోపలికే తెరుచుకోవడం వల్ల వచ్చే హోరు అది.

ఎండల విషయానికొస్తే రీసర్క్యులేషన్ లాభం స్పష్టం. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్రెష్ ఎయిర్ పెడితే, ఆ 44 డిగ్రీల గాలిని ఏసీ ఎడతెగకుండా చల్లబరుస్తూ ఉండాలి. రీసర్క్యులేషన్‌లో అప్పటికే 26, 27 డిగ్రీలకు దిగిన గాలే మళ్లీ వెళ్తుంది. కంప్రెసర్‌కు భారం తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. విద్యుత్ కారైతే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం కాస్త పెరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఇంకో లాభం కూడా ఉంది. అక్కడి గాలిలో వేడితో పాటు తేమ ఎక్కువ. ఆ తేమను నీరుగా మార్చడానికే ఏసీ శక్తిలో పెద్ద వాటా ఖర్చవుతుంది. ఆగిన కారు కింద ధారగా కారే నీళ్లు అవే. లోపల ఒకసారి ఆరిన గాలినే తిప్పితే ఆ ఖర్చు తగ్గుతుంది.

కానీ ఎండలో నిలిపిన కారు ఎక్కగానే రీసర్క్యులేషన్ నొక్కడం తప్పు. అప్పుడు బయటి కంటే లోపలి గాలే ఎక్కువ వేడిగా ఉంటుంది. నలభై డిగ్రీల ఎండలో గంటసేపు మూసి ఉంచిన కారు లోపల 55 డిగ్రీలు దాటడం మామూలే. ముందు అద్దాలు దించి, ఫ్రెష్ ఎయిర్‌లో ఒకటి రెండు నిమిషాలు బండి నడపాలి. వేడి బయటికి పోయాక అద్దాలు ఎత్తి, గాలిని లోపలికి మళ్లిస్తే కారు త్వరగా చల్లబడుతుంది.

అలా మళ్లించిన బటన్‌ను తర్వాత ఎవరూ ముట్టుకోరు. చిక్కంతా అక్కడే. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఐదు గంటలు అదే గాలి తిరుగుతూ ఉంటుంది. ఆక్సిజన్ అయిపోతుందని కొందరు భయపడతారు గానీ అసలు సమస్య అది కాదు. ఆక్సిజన్ తగ్గేది స్వల్పం. పెరిగేది కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు. మనిషి వదిలే ఊపిరిలో 40 వేల దాకా ఉంటుంది. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లు ఒక్కొక్కరు గంటకు 18 లీటర్లకు అటూ ఇటూగా ఈ వాయువును వదులుతారు. కారు లోపలి చోటు సుమారు మూడు వేల లీటర్లు. నలుగురు ఎక్కిన కారులోకి గాలి ఏమాత్రం చొరబడదనుకుంటే, పదకొండు, పన్నెండు నిమిషాల్లోనే అది 5 వేల పీపీఎంకు చేరుతుంది. అమెరికాలో పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకు పెట్టిన పరిమితి అది. నిజానికి తలుపుల సందుల్లోంచి కొంత గాలి వస్తూనే ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త వస్తుంది కాబట్టి అంత త్వరగా పెరగదు. అయినా నిండు కారులో రెండు వేలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ స్థాయిలో ప్రాణానికి ముప్పు లేదు. తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి, చురుకు తగ్గుతుంది. అర్ధరాత్రి దాటాక, వెనక సీట్లో అందరూ నిద్రపోతున్న వేళ డ్రైవర్‌కు అంతకంటే ప్రమాదం ఏముంటుంది?

దీనికి మందు తేలికే. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఫ్రెష్ ఎయిర్‌కు మార్చి రెండు మూడు నిమిషాలు ఉంచితే లోపలి గాలి దాదాపుగా మారిపోతుంది. పాత గాలి వెనక బంపర్ చాటున ఉండే రబ్బరు రెక్కల గుండా బయటికి పోతుంది. సాయంత్రం చల్లబడ్డాక, రాత్రి హైవే మీద ఫ్రెష్ ఎయిర్‌లోనే ఉంచేయడం ఇంకా మంచిది. అప్పుడు ఏసీకి పడే అదనపు భారం చాలా తక్కువ.

వానాకాలంలో లెక్క మారుతుంది. తడిసిన బట్టలతో నలుగురు ఎక్కి, ఏసీ ఆపి రీసర్క్యులేషన్‌లో ఉంచితే ఊపిరి తేమంతా లోపలే చిక్కుకుని, వానకు చల్లబడిన అద్దాల మీద మసకగా పేరుకుంటుంది. ఏసీ వేసి, ఫ్రెష్ ఎయిర్ పెట్టి, గాలిని ముందద్దం మీదికి వదలాలి. ఏసీ తేమను లాగేస్తుంది. చాలా కార్లలో ముందద్దం బటన్ నొక్కగానే ఏసీ, ఫ్రెష్ ఎయిర్ రెండూ వాటంతటవే మొదలవుతాయి.

అద్దం బయటి వైపు మసకబారితే కారణం వేరు. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీలకు చల్లబడిన అద్దం మీద నీరు పడుతుంది. ఏసీ గాలి నేరుగా అద్దానికి తగులుతుంటే జరిగేది ఇదే. అప్పుడు వైపర్ వేసి, చల్లగాలిని అద్దం మీంచి తప్పించాలి. మసక ఏ వైపు ఉందో లోపలి నుంచి వేలితో ఒక గీత గీస్తే తెలిసిపోతుంది. లంబసింగి చలిలో హీటర్ వేసినా, షికాగో మంచులో వేసినా లోపలి మసక పోవడానికి సూత్రం ఒకటే: హీటర్‌కు తోడు ఫ్రెష్ ఎయిర్ ఉండాలి.

పొగ కక్కే లారీ వెనక చిక్కుకున్నప్పుడు, చెత్త తగలబెడుతున్న చోట, దుమ్ము లేచే రోడ్డు మీద రీసర్క్యులేషన్‌కు మించింది లేదు. గాలి మళ్లీ మళ్లీ క్యాబిన్ ఫిల్టర్ గుండా తిరిగే కార్లలో లోపలి ధూళి ఇంకా తగ్గుతుంది. అమీర్‌పేట లాంటి రద్దీ కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగేముందే నొక్కడం మేలు. పొగ లోపలికి వచ్చాక నొక్కితే ఆ పొగే లోపల తిరుగుతుంది.

క్యాబిన్ ఫిల్టర్ ధూళిని ఆపుతుంది, బొగ్గు పొర ఉన్నదైతే కొంత వాసననూ ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం ఏదీ ఆపదు. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ, ఏసీ వేసుకుని నిద్రపోవడం ప్రాణాంతకం. ఆరుబయట అయినా, పొగ గొట్టానికి చిల్లు పడ్డ బండిలో ఆ పని చేయకూడదు. సందుల్లోంచి అది లోపలికి వచ్చేస్తుంది కాబట్టి రీసర్క్యులేషన్ కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

ఏసీ వేయగానే వచ్చే ముక్క వాసన కూడా ఈ బటన్‌తో ముడిపడిందే. గాలిని చల్లబరిచే లోపలి కాయిల్ తడిగా ఉండిపోతే దాని మీద బూజు చేరుతుంది. గమ్యం ఇంకా రెండు మూడు నిమిషాల దూరంలో ఉండగానే ఏసీ ఆపి, ఫ్రెష్ ఎయిర్‌లో బ్లోయర్ మాత్రం తిప్పితే కాయిల్ ఆరడం మొదలవుతుంది. ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. దాన్ని సర్వీసింగ్‌లో ప్రతిసారీ తీయించి చూడాలి. దుమ్ముతో బూడిద రంగుకు మారి, ఆకు ముక్కలు ఇరుక్కుని ఉంటే ఏ మోడ్‌లోనూ గాలి సరిగా రాదు.