అద్దమా, సున్నమా?

మా మనవరాలు స్టోర్‌రూములో కొత్తిమీర పెంచుతోంది. మూడు ట్రేలు, పైన ఓ ఎల్‌ఈడీ లైటు. మొన్న ఎక్కడినుంచో ఇంత పెద్ద అద్దం మోసుకొచ్చింది. "తాతయ్యా, ఇది గోడకి ఆనిస్తే వెలుగు రెట్టింపవుతుంది కదా?"

"రాత్రి కానీ, చూద్దాం" అన్నాను.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, అద్దం మీదకి టార్చి వెయ్యమన్నాను. సీలింగు మూల గుండ్రంగా ఓ వెలుగుబిళ్ళ పడింది. తక్కిన గదంతా చీకటే. అదే టార్చి పక్కనున్న తెల్లగోడ మీదకి తిప్పింది. గదంతా వెన్నెల పరుచుకున్నట్టయింది. సాయంత్రం నుంచి వెతుకుతున్న నా కళ్ళజోడు కూడా ట్రే కింద కనిపించింది!

అద్దం వెలుగుని ఒకే దిక్కుకి తోస్తుంది, తెలుపు నలువైపులా చల్లుతుంది. పటికబెల్లం పలుకు చూడు, గాజులా ఉంటుంది. దంచితే తెల్లటి పొడి. మనం రంగేమీ కలపలేదే! పొడిలో లెక్కలేనన్ని అంచులు, ప్రతి అంచు దగ్గరా కాస్త వెలుగు దారి మళ్ళుతుంది. సున్నం తెలుపూ అంతే. పై ఆకు నీడలో ఉన్న కింది ఆకుకి అందేది ఈ చల్లిన వెలుగే.

మంచి తెల్లగోడ రూపాయి వెలుగు పుచ్చుకుంటే 90 పైసల దాకా తిరిగిస్తుంది. మూడుసార్లు గోడలకి తగిలినా 73 పైసలు మిగులుతాయి. సగం మింగేసే రంగుగోడైతే మూడో దెబ్బకి పన్నెండున్నర పైసలే. వంటింటి ఫాయిలు తిరిగిచ్చేదీ తక్కువేం కాదుగానీ, నలిగితే ఇక్కడో మెరుపు, అక్కడో నీడ.

అందుకే వెల్ల వేయిద్దామన్నాను. బంక మాత్రం మరవకూడదు. ఒకప్పుడు నేను బంక లేకుండా వేస్తే, నీళ్ళు చల్లినప్పుడల్లా పెచ్చులూడి నారు మీద పడేవి.

వెల్ల వేసే అబ్బాయి వచ్చాడు. "చిటికెడు నీలిమందు కలపమంటారా బాబాయ్‌గారూ?"

"వద్దు నాయనా!" నీలిమందు పసుపు, నారింజ వెలుగుల్ని కొంత మింగేస్తుంది. పసుపు ఛాయ విరిగి గోడ మన కంటికి మల్లెపువ్వులా కనిపిస్తుంది. నిజానికి తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది.

మనవరాలు ఊరుకుంటుందా! "మరి నీ పంచెకి నీలిమందు ఎందుకు పెట్టిస్తావు తాతయ్యా?"

"నా పంచె కింద కొత్తిమీర మొలవదు కదమ్మా!"