తరిమెనమీద విశాఖ

విశాఖపట్టణమున స్వతంత్రముగా నడచు చిన్న చిత్రశాల యొకటి, తన బొమ్మలను కాగితముపైననే ఉంచక, చేతిపని వస్తువులుగా చేయించి అమ్మదలచినచో మొదట చూడవలసినది అంగడి కాదు. కొయ్యను త్రిప్పి చెక్కు తరిమెన. మేము ఈ సంగతిని ఆలస్యముగా గ్రహించితిమి. రేవులోని క్రేనును ముచ్చటగా గీచి ఏటికొప్పాకకు తీసికొనిపోగా, పనివారొకరు కాగితమును అటునిటు త్రిప్పి చూచి, "ఇది తిరగదు బాబూ" అనిరి.

నిజమే. తరిమెన గుండ్రని రూపములనే ఇచ్చును. డాల్ఫిన్స్ నోస్ కొండపై దీపస్తంభము తిరుగును. ఓడమోకులను కట్టు గుంజ తిరుగును. ఉక్కు కర్మాగారమున మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇనుమును కరగించు ఆ మహాకాయములు అరచేతిలో నిలుచు అంకుడుకొయ్య బొమ్మలైన ఎంత సొగసు!

ఏటికొప్పాక విశాఖకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున, వరాహనది ఒడ్డున గలదు. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చట మెత్తని అంకుడుకర్రను ఎండబెట్టి, తరిమెనకు బిగించి, ఉలితో రూపు దిద్దుదురు. పిదప రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కొయ్యకు అదిమిపట్టగా, రాపిడివేడికి లక్క కరగి కొయ్య నంటుకొనును. మొగలిఆకుతో ఒత్తగా నిగ్గు తేలును. కుంచెతో పనియే లేదు. పసుపునుండి పచ్చన, నీలినుండి నీలము, జాఫరాగింజలనుండి నారింజవన్నె వచ్చును. ఈ సహజవర్ణములను తిరిగి నిలుపుటకు పాటుపడిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. అచ్చుయంత్రము వేసిన నీలమే కొయ్యమీదను రావలెనని చిత్రకారుడు పట్టుపట్టరాదు. ఒక్కొక్క తయారీకి ఛాయ కొంత మారును.

ఇక వెల. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. దీపస్తంభము వెల 300 రూపాయలనుకొందము. అంగడివారికి మూడవవంతు, అనగా 100; పెట్టెకు 20; రవాణాకు 10; విరిగినవానికిని అమ్ముడుపోనివానికిని 20; చిత్రశాలకు 30. పనివారికి మిగులునది 120. పండుగ తగ్గింపని వెలను 250 చేసితిమా, అంగడివాటా 83కు దిగును. పెట్టెఖర్చు, రవాణా దిగవు. చిత్రశాల తన 30ని వదలుకొననిచో పనివారికి దక్కునది 87. కొనువారికి తగ్గిన 50లో 33 రూపాయలు చేతికూలినుండియే పోయినవన్నమాట! కావున లెక్కను వెలనుండి క్రిందికిగాక కూలినుండి పైకి కట్టవలెను. అట్లు కట్టిన వెలకు కొనువారు లేనిచో ఆ వస్తువును మానుకొనుటయే మేలని మా అభిప్రాయము. మేము రెండు రూపములనే మొదట చేయింపనెంచితిమి.

చట్టపు మాట యొకటి. 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు తప్పనిసరి యైనది. హస్తకళాకారులుగా నమోదైనవారు చేసి అమ్ము బొమ్మలకు మినహాయింపు కలదు. కావున బయానాకు ముందే పనివారి నమోదుపత్రమును చూడవలెను. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గనుక, వేరొకచోట చేయించినదానికి ఆ ఊరిపేరు తగిలించుట తగదు.

పెట్టెపై మా చిత్రశాల గుర్తు ప్రక్కన చేసినవారి పేరు వేయింతుమా యని అడిగితిమి. "నా పేరు చిన్నదిగా ఉన్నా పరవాలేదండి, ఊరి పేరు మాత్రం పెద్దదిగా వెయ్యండి" అనిరి. పెట్టెలు అట్లే అచ్చునకు పోయినవి.