మనసు కుంగితే మెదడునూ చూపించాలి

పక్షవాతం వచ్చిన మనిషికి మన జమాత్‌లో వెంటనే సాయం అందుతుంది. అదే మనిషి నెలల తరబడి నిద్రలేక, చిన్న మాటకే కన్నీళ్లు పెట్టుకుంటుంటే ‘గాలి సోకింది’ అనో, ‘ఈమాన్ తగ్గింది’ అనో అనేస్తారు. వంశపారంపర్యంగా వచ్చే ఒక మెదడు జబ్బులో ఈ రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. ఆ సంగతి దాతలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ జబ్బు పేరు కాడసిల్. నాచ్-3 అనే జన్యువులోని లోపం దీనికి కారణమని 1996లో తేలింది. మెదడు లోతుల్లోకి రక్తం చేర్చే సన్నని నాళాల గోడలు దెబ్బతిని, క్రమంగా రక్తం అందడం తగ్గిపోతుంది. చాలామందిలో 30 ఏళ్ల ప్రాంతంలో మైగ్రేన్, 40, 50 ఏళ్లలో పక్షవాతం, ఆపైన ఆలోచన మందగించడం కనిపిస్తాయి. సుమారు 20 నుంచి 30 శాతం మందిలో కుంగుబాటు వంటి మానసిక సమస్యలు వస్తాయి. కొందరిలో ఇవే పక్షవాతం కంటే ముందు బయటపడతాయి. భావాలను అదుపు చేసే మెదడు ముందు భాగానికీ లోపలి భాగాలకూ మధ్య ఉన్న దారులు తెగడం ఇందుకు ఒక కారణం.

కుంగుబాటు వేరు, నిరాసక్తత వేరు. కుంగినవారు లోపల బాధపడుతుంటారు. నిరాసక్తులకు బాధ కనిపించదు, ఏ పనికీ లేవాలనిపించదు. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అనుకుంటారు. కుంగుబాటుకు మందులు, కౌన్సెలింగ్ మేలు చేస్తాయి. నిరాసక్తులకు రోజూ ఒకే వేళకు లేపి, పక్కనుండి పని చేయించే మనిషి కావాలి.

తల్లిదండ్రుల్లో ఒక్కరికి లోపమున్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. కాబట్టి దగ్గరి సంబంధం చేసుకున్నందుకే వచ్చిందనడం సరికాదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. పొగ మానడం, రక్తపోటును అదుపులో ఉంచడం తప్పనిసరి. జన్యుపరీక్షకు ముందు నిపుణుల సలహా తీసుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. మనసు తట్టుకోలేనప్పుడు ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చక్రాల కుర్చీకి దాతలు తేలిగ్గా దొరుకుతారు. ప్రతి నెలా కొనాల్సిన మనోవ్యాధి మందులకు, ఆసుపత్రికి వెళ్లే బస్సు ఖర్చుకు అడగడానికి కుటుంబాలు సిగ్గుపడతాయి. అర్హులకు మీ జకాత్, సదఖాల నుంచి ఈ ఖర్చులకూ కొంత కేటాయించమని, వారి పేర్లు గోప్యంగా ఉంచమని కోరుతున్నాం. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. దుఆ చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం.