పొలంలో పటం పాఠం

దూరాలను, దిక్కులను, ఎత్తుపల్లాలను కాగితం మీదికి కుదించి చూపే విద్యను గోడకు వేలాడే దేశపటంతో మొదలుపెట్టడం బడుల్లో ఆనవాయితీగా వస్తున్నా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల పిల్లలకు అది ఊరి పొలం నుంచి మొదలుకావడమే మేలు. ఏ మడిలో వరి పండేదీ, ఏ చెల్క వానకోసమే ఎదురుచూసేదీ ఇక్కడ చాలావరకు నేల వాలును బట్టే తేలుతుంది. పటం చదవడంలో పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది కూడా ఆ వాలును పోల్చుకోవడమే. తెలంగాణ ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో పీఠభూమి గ్రామంగా పరిచయమైన డోకూరు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే కనుక, ఆ పాఠం చదివిన పిల్లలు చూడవలసిన నేల తమ బడికి దూరంగా లేదు.

మొదట దిక్కులు తేల్చుకోవాలి. మిట్టమధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీదున్న ఈ ప్రాంతంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆ వేళ సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల ఒక కర్రను నిటారుగా పాతి, ఉదయం దాని నీడ కొసను గుర్తించి, కర్ర మొదలు కేంద్రంగా, ఆ నీడ పొడవే వ్యాసార్ధంగా వృత్తం గీసి, మధ్యాహ్నం దాటాక నీడ కొస మళ్లీ వృత్తాన్ని తాకే చోటును గుర్తిస్తే, ఆ రెండు గుర్తులను కలిపే గీత పడమర నుంచి తూర్పుకు సాగుతుంది.

తరువాతిది స్కేలు, అంటే నేలమీది దూరానికీ పటంమీది దూరానికీ ఉండే నిష్పత్తి. రైతు లెక్కే దీనికి చక్కని ఆధారం. ఒక గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చదరం. ఎకరానికి 40 గుంటలు. ఒక వరుసలో 8 గుంటల చొప్పున 5 వరుసలుగా ఉన్న ఎకరం 264 అడుగుల పొడవు, 165 అడుగుల వెడల్పు ఉంటుంది. 33 అడుగులను ఒక సెంటీమీటరుగా తీసుకుంటే అది నోటుపుస్తకంలో 8 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రమవుతుంది. ఈ నిష్పత్తి దాదాపు 1:1,000. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో అదే పొడవు రెండు మిల్లీమీటర్లకు కూడా రాదు. తాడుతో కొలిచిన 33 అడుగుల దూరాన్ని ఎన్ని అంగల్లో నడుస్తారో పిల్లలు ముందే లెక్కించుకుంటే, మిగిలిన హద్దులను నడిచే కొలవవచ్చు.

అసలు పాఠం వాలు దగ్గర మొదలవుతుంది. సమానమైన ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతను సమోన్నత రేఖ అంటారు. 1:50,000 పటంలో ఈ రేఖల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు కనుక, కొద్దిపాటి ఎగుడుదిగుడులున్న నేల మీది పొలాలన్నీ రెండు రేఖల నడుమే ఇమిడిపోయి వాటి వాలు పటంలో కనిపించకపోవచ్చు. ఊరి చెరువు మాత్రం దాన్ని కళ్లకు కట్టిస్తుంది. అదనపు నీరు పొర్లిపోయే అలుగు దాకా చెరువు నిండినప్పుడు నీటి అంచు అలుగు ఎత్తులోని సమోన్నత రేఖే అవుతుంది. నీరు తగ్గేకొద్దీ దాని కింద మరో రేఖ, ఇంకో రేఖ ఏర్పడతాయి. నెలకోసారి ఆ అంచును పటంలో గీసే పిల్లలకు నిర్వచనం బట్టీపట్టే పని ఉండదు.

ఈ జిల్లాల రైతులకు ఇటువంటి పని కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో సాగిన భూగర్భజల పథకంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. అందులో రైతులే వర్షపాతాన్ని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగ్గ పంటల లెక్క వేసుకున్నారు. అటువంటి రైతును పొలం గట్టు మీద గురువుగా నిలబెట్టడం ఉపాధ్యాయుని గౌరవానికి లోటు కాదు.

చివరగా పిల్లలు గీసినదాన్ని గ్రామ నక్షాతో, అంటే సర్వే నంబర్ల హద్దులు చూపే ఊరి పటంతో, పోల్చాలి. నక్షాలో హద్దులు కచ్చితంగా ఉంటాయి. నీరు ఎటు పారుతుందో, ఏ బావి ఎండిందో పిల్లల పటంలో ఉంటుంది. వానాకాలం పంట ఇంటికి చేరి, చెరువులో ఇంకా నీరు నిలిచివుండే డిసెంబరు, జనవరి నెలలు ఈ పనికి అనువైనవి; అయితే గట్టులేని బావులను ఉపాధ్యాయులు ఒకరోజు ముందే చూసి, పిల్లల పటంలో మొట్టమొదటి గుర్తుగా వాటినే వేయించాలి.